డాబా మీద శాంతమ్మ సిస్టర్

మా అమ్మాయి డాబా మీద ఆరిన దుప్పట్లు తెచ్చి మంచం మీద పడేసింది. మడత పెట్టేముందు ఒకదాన్ని ముఖానికి ఆనించుకున్నాను. ఎండ వాసన, సబ్బు వాసన, ఇంకా చల్లారని నూలు వెచ్చదనం. కళ్లు మూసుకోగానే ఉన్న గది ఎటో వెళ్లిపోయి, నల్గొండలో నేను మొదట పనిచేసిన చిన్న ప్రసూతి ఆస్పత్రి డాబా కళ్లముందుకొచ్చింది. తాళ్ల మీద తెల్లటి దుప్పట్లు గాలికి ఉబ్బుతున్నాయి. వాటి వెనక ప్లాస్టిక్ కుర్చీలో, చెప్పులు విడిచి, ఒళ్లో చేతులు పెట్టుకొని శాంతమ్మ సిస్టర్ కూర్చొని ఉంది.

ఆమె మా హెడ్ నర్సు. యాభై ఐదు దాటిన మనిషి. రోజూ పానగల్ నుంచి ఆటోలో వచ్చేది. చిన్నతనంలో తల్లి వెంట నాట్లకు పోయిన చేతులవి, వెడల్పుగా, నిదానంగా ఉండేవి. ఏ పనిలోనూ తొందర కనిపించేది కాదు, అయినా అందరికన్నా ముందు ఆమె పనే ముగిసేది. మధ్యాహ్నం డాక్టరమ్మ భోజనానికి వెళ్లగానే "పది నిమిషాలు పైన ఉంట" అని చెప్పి ప్రార్థనకు మెట్లెక్కేది. నాకు ఒళ్లు మండేది. తెలంగాణ వచ్చిన కొత్తలో చేరిన నర్సు ఉద్యోగం నాది. ఇంట్లో రెండేళ్ల పాప, హైదరాబాదులో పనిచేస్తూ వారానికోసారి వచ్చే భర్త. అన్నం కూడా నిలబడే తినేదాన్ని. మాదీ ప్రార్థన చేసుకునే ఇల్లే. కానీ నా ప్రార్థన బస్సులో కడ్డీ పట్టుకొని, దిగే స్టాపు వచ్చేలోగా గబగబా అప్పజెప్పే కోరికలు, అంతే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "మాకు నీళ్లు తాగ టైం దొరుకతలేదు సిస్టర్. మీకు గీ పది నిమిషాలు యాడికెల్లి వస్తున్నయి?"

ఆమె నవ్వింది. "నాకు గూడ రావు బిడ్డా. ఇంటికాడ పొయ్యి, ఈడ పేషెంట్లు. ఎవ్వలిస్తరు? తినే అరగంటలకెల్లి జర కోసుకుంటున్న."

"పైన కూసోని ఏం అడుగుతరు?"

"ఏం అడగ. పొద్దుగాల బైబిల్ల చదివిన వాక్యం మనసుల పెట్టుకుంట. వార్డుల ఉన్నోళ్ల పేరు ఒక్కటి తలుచుకుంట. దేవుని ముంగట ఊకె కూసుంట."

ఇంతేనా అనిపించింది. ఇంకోసారి, నొప్పులతో ఒకామె వస్తే పైకి పరుగెత్తి పిలిచాను. నా మాట పూర్తికాకముందే ఆమె కాళ్లు చెప్పుల్లో దూరాయి. మెట్లు దిగుతూ, "ప్రార్థన మధ్యల లేపిన, ఏమనుకోకుండ్రి" అన్నాను. "పిలిచింది ఆయనే గావచ్చు గద, నడువు" అంది.

ఆ వానాకాలంలో వార్డులో ఇద్దరు యాదమ్మలు చేరారు. పక్కపక్క మంచాలే. ఆరోజు పాపకు జ్వరం, ఫోన్ మీద ఫోన్. రక్తం సంచి స్టాండుకు తగిలించి, ఒక యాదమ్మ చేతికి గొట్టం కలపబోతుంటే వెనక నుంచి వెడల్పాటి చెయ్యి నా చేతి మీద పడింది. శాంతమ్మ సిస్టర్‌ది. సంచి మీది చీటీ వైపు, తరువాత పక్క మంచం వైపు చూసింది. పేరు ఒకటే, గ్రూపు వేరు. గొట్టం వెనక్కి తీశాను.

రక్తం ఎక్కాల్సిన మనిషికి ఎక్కించి, నన్ను డాబా మీదికి తీసుకెళ్లింది.

"నా నౌకరి పోతది సిస్టర్" అని ఏడ్చాను.

"డాక్టరమ్మకు నువ్వే చెప్పాలె. నేను పక్కన నిలబడుత. ముందుగాల జర కూసో."

మబ్బు పట్టింది. దుప్పట్లు మా చుట్టూ గోడల్లా లేచి పడుతున్నాయి. కింద ఊరు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగున మోగుతున్నట్టుంది. "గామె పేరు తలుచుకో" అంది సిస్టర్. యాదమ్మ అనుకున్నాను. నేను గొట్టం కలపబోయినామె ముఖం గుర్తుకు రాలేదు. మూడు రోజులుగా ఆమెకు మందులిస్తున్నాను, ఒక్కసారీ ముఖం చూడలేదు. భయం కన్నా ఆ సంగతే ఎక్కువగా కోసింది. ఏ కోరికా నోటికి రాలేదు. లేచేసరికి ఏడుపు ఆగిపోయింది. కిందికి వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ తిట్టిన తిట్లు వార్డంతా విన్నది. నెల రోజులు నన్ను సూది ముట్టుకోనివ్వలేదు, కానీ ఉద్యోగం నిలిచింది.

రిటైరైన రెండేళ్లకు సిస్టర్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పానగల్ వెళ్లాను. దారి పొడవునా చెప్పాలనుకున్న మాటలన్నీ ఆమెను చూడగానే మరిచిపోయాను. "ఏం మాట్లాడాల్నో తెలుస్తలేదు సిస్టర్" అన్నాను. ఆమె ఎడమ చేత్తో మంచం పట్టె మీద తట్టింది. కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ మెల్లగా నేల మీద జరిగి, మా పాదాల దాకా వచ్చింది. ఆమెను చూడటం అదే చివరిసారి.

ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక ఆస్పత్రిలో నేనే హెడ్ నర్సును. డ్యూటీకి ముందు స్కూటీ స్టాండు వేసి, హెల్మెట్ తీసి, ఆ సీటు మీదే కాసేపు కళ్లు మూసుకుంటాను. వండాల్సిన కూర గుర్తొస్తుంది. పాప పరీక్షలు గుర్తొస్తాయి. ఫోన్ మోగుతుంది. కొన్ని రోజులు రెండు నిమిషాలే దక్కుతాయి. ఆ రెండు నిమిషాల్లో ఒక పేరు తలుచుకొని ఊరుకుంటాను. తరువాత లోపలికి వెళ్లి, ఆ మనిషి మంచం దగ్గర నిలబడి, చీటీ చదవకముందే ముఖం చూస్తాను.