ఇంగ్లండు కంపెనీ, పదో అడుగు

మా అవ్వ నాకు నేర్పిన విద్య ఒక్కటే. ధర నచ్చకపోతే లేచి నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. పదో అడుగు పడేలోపు అవతలివాళ్లు పిలుస్తారు.

అవ్వ అంటే మా నాయినమ్మ. జనగామలో మా కారంపొడి దుకాణం ఆమె పేరు మీదే నడుస్తుంది. బోర్డు మీద ఆ పేరే, పొట్లం మీద ఆ పేరే. నేను పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది మాత్రం గల్లా పక్కన, మిరప బస్తాల మధ్య. పదడుగుల విద్యను నేను వాడని చోటు లేదు. చీరల దుకాణంలో నడిచాను, ఆటో స్టాండులో నడిచాను. పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు నోట్లో దూదితోనే కుర్చీ దిగి నడిచాను. నాలుగో అడుగులో కాంపౌండరు పిలిచాడు. ఆ రోజు నుంచి బేరంలో నన్ను మించినవాళ్లు మూడు జిల్లాల్లో లేరని నా నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇంగ్లండులో కంపెనీ పెట్టబోయాను.

ఇంగ్లండులో మన సరుకులు అమ్మే ఒకాయన ఫోన్ చేశాడు. మనిషిది సముద్రం పక్క జిల్లా. ఎవరో తీసుకెళ్లిన మా పొట్లం రుచి చూశాడట. నేను రెండు ముక్కలు మాట్లాడానో లేదో పకపకా నవ్వాడు. "ఏమనుకోకండి మేడమ్, మీ మాట వింటుంటే సినిమాల్లో కామెడీ సీను గుర్తొచ్చిందండి." నేనేమీ అనుకోలేదు. అనుకోకపోవడం కూడా వ్యాపారంలో భాగమే. మరుక్షణం ఆయనే అన్నాడు: "పొట్లం మీద మాత్రం ఆ యాసే ఉండాలండి. ఇక్కడ దానికి మంచి గిరాకీ ఉంది." ఇన్నేళ్లూ ఊరికే నవ్వుకున్న యాసకు ఇప్పుడు ధర పలుకుతోందన్నమాట. ఆ నవ్వుకు కూడా కలిపి ధర కాస్త పెంచి చెప్పాను. ఒప్పుకున్నాడు.

ఒక్కటే షరతు. అక్కడి పెద్ద దుకాణాలు అక్కడి కంపెనీ దగ్గరే సరుకు తీసుకుంటాయి. కాబట్టి అక్కడ మా పేరున ఒక లిమిటెడ్ కంపెనీ ఉండాలి. "పేరు మాత్రం అచ్చం ఇదే ఉండాలండి. పొట్లం చూసి పేరు పెట్టి అడుగుతున్నారు. నెలాఖరుకల్లా చెయ్యండి. లేదంటే నేను వేరేవాళ్లను చూసుకుంటాను" అన్నాడు.

ఇంట్లో కూర్చునే చేయించుకోవచ్చని తెలిసింది. కంపెనీలు పెట్టించే ఏజెంట్లకు అక్కడ వెబ్‌సైట్లున్నాయి. ఫారం నింపి, గుర్తింపు కాగితం పంపి, వాళ్ల రుసుము కడితే చాలు, వాళ్లే అడ్రసు చూపించి రిజిస్టరు చేయిస్తారు. లాప్‌టాప్ తెచ్చి గల్లా పక్కన పెట్టుకున్నాను. అవ్వ ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకుంది.

"లిమిటెడంటే ఏందే?"

"కంపెనీ మునిగినా మన ఇల్లు మునగదవ్వా. మనం పెట్టినంత వరకే మన జిమ్మ, మన పూచీ."

"అంటే ముంచుడు ముందుగాలనే రాసుకుంటరా?"

"ముంచుడు కాదవ్వా, ముందుజాగ్రత్త."

"మరి కారంల పురుగొస్తె ఎవల్ని తిడ్తరు?"

"కంపెనీని తిడ్తరు."

"కంపెనీకి చెవులుంటయా? నన్నయితె గీడికొచ్చి తిడ్తరు. గందుకే మన కారంల పురుగు రాదు."

నేను ఫారం చదవడం మొదలుపెట్టాను. అన్నీ మామూలు ప్రశ్నలే, ఒక్కటి తప్ప. ఈ కంపెనీ మీద అసలు పట్టు ఎవరిదో వాళ్ల పేరు రాయమంది. మా దుకాణంలో ఈ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. పట్టున్న మనిషి నా మోచేతి పక్కనే కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. నేను నా పేరు రాశాను. దొరలా రాశాను.

"ఏం రాస్తున్నవే?"

"ఏం లేదవ్వా, అడ్రసు."

ఫారం నిండింది. చివర్న డబ్బు కట్టే బటన్ వచ్చింది, దాని మీద ధర ఉంది. చెప్పిన ధరకు కొంటే మా వంశానికి చెడ్డపేరు. లాప్‌టాప్ మూసి లేచాను. నిజంగానే లేచి, మిరప బస్తాల దాకా నడిచి, తిరిగి చూడకుండా నిలబడ్డాను. కంప్యూటరు పిలుస్తుందా అని మీరు నవ్వుకోవచ్చు. మర్నాడు పొద్దున ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది: మీరు ఏదో మర్చిపోయినట్టున్నారు, ఈ వారంలో కడితే పదో వంతు తగ్గిస్తాం.

"అవ్వా, పిలిచిండ్రు!" అని అరిచాను.

"ఎన్నో అడుగుల?"

ప్రపంచమంతా జనగామేనని ఆ క్షణంలో నాకు అర్థమైంది. అక్కడితో ఆగి కొనేస్తే ఈ కథ లేదు. కానీ ఒక్కసారికే పిలిచినవాడు రెండోసారి ఇంకా కిందికి దిగుతాడు కదా! మళ్లీ మూశాను.

రెండ్రోజులైనా పిలుపు రాలేదు. అప్పుడు అంతకన్నా పదునైన ఆయుధం తీశాను. వాళ్లకు పొద్దున తొమ్మిదైతే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. సరిగ్గా ఆ నిమిషానికి ఫోన్ చేస్తే ఆ రోజు మొదట కొనే మనిషిని, వాళ్ల బోణీ గిరాకీని, నేనే. ఏ దుకాణదారుడైనా బోణీ గిరాకీని ఉత్తచేతుల్తో పంపిస్తాడా? ఒక ఆడమనిషి ఫోన్ ఎత్తింది. నాకున్న ఇంగ్లీషులో అంతా విడమర్చి చెప్పాను: ఇవాళ మొదట వచ్చింది నేను, నన్ను వదులుకుంటే రోజంతా మీకు బేరం సాగదు, నా కోసం కాదు, మీ మంచి కోసమే చెబుతున్నాను. శాపం పెడుతున్నానని ఆమె అనుకుందో ఏమో, ఎంతో మర్యాదగా, మా ధరలన్నీ వెబ్‌సైటులో ఉన్నాయి మేడమ్, ఇంకేమైనా సాయం కావాలా అంది.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. మాకు మిరపకాయలొచ్చేది అక్కడి నుంచే. అక్కడి దళారీ నా ధర వినగానే తిడతాడు. ఆ తిట్టులో ఎక్కడో సందు దొరుకుతుంది, దాంట్లోంచి దూరతాను. ఈమె మర్యాదలో సందే లేదు.

ఆ ఆదివారం మా అక్క మొగుడు భూపాలపల్లి నుంచి ఫోన్ చేశాడు. బావది బొగ్గు బావిలో ఉద్యోగం. బేరమాడటం రాని మనిషి. కాళేశ్వరం పోతే కొబ్బరికాయను చెప్పిన ధరకు కొని, పైగా "మంచిదన్నా" అని దండం పెట్టొస్తాడు. మా ఇంట్లో ఆయన్ని రోగిని చూసినట్టు జాలిగా చూస్తాం. ఫోన్ స్పీకర్లో ఉంది. అవ్వ వింటోంది.

"మరదలా, ఎంతంటె గంత ఇచ్చి పడెయ్యరాదు? నెల దగ్గరికొస్తున్నది."

"బావా, నువ్వు బొగ్గు తవ్వుకో. బేరం మాకిడిసిపెట్టు."

"పేరు ఇంకెవలన్న తీస్కుంటె?"

"మా అవ్వ పేరు ఇంగ్లండుల ఎవనికి కావాలె?"

అవ్వ వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది.

నెలాఖరు మూడు రోజుల్లోకి వచ్చింది. పదో వంతు తగ్గింపు గడువు ఎప్పుడో దాటిపోయి, ధర మళ్లీ మొదటికొచ్చింది. ఇంగ్లండు ఆయన "ఏమైందండి?" అని రెండుసార్లు అడిగాడు. ఇక గొంతులో పడ్డ వెలక్కాయ మింగినట్టు మింగి, నిండు ధర కట్టడానికి కూర్చున్నాను. కంపెనీ పేరు మళ్లీ కొట్టాను. ఎర్రటి అక్షరాలొచ్చాయి: ఈ పేరుతో ఇప్పటికే ఒక కంపెనీ ఉంది.

యాభై ఏళ్లు రోకలి పట్టి అవ్వ సంపాదించిన పేరు అది. దాన్ని నేను పదో వంతు కోసం పోగొట్టాను. ఎవడు తీసుకున్నాడు? మానుకోట దళారీ! కంపెనీ సంగతి గొప్పకు పోయి చెప్పింది అతనొక్కడికే. మర్నాడు పొద్దున రైలెక్కి మానుకోట వెళ్లాను. బస్తాల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మా అవ్వ పేరు దొంగతనం చేసినవ్ గదా!"

అతను చాయ్ కింద పెట్టాడు. "ఏమన్న పరేషాన్ల ఉన్నవా అక్కా? నాకు నా పేరే సక్కగ రాయరాదు. మీ అవ్వ పేరేం జేసుకోను?"

"మరెవడు తీస్కున్నడు?"

"నన్నడుగుతవేంది? ఈడ గోదాం తలుపు మీద గూడ ఎవలిదో రాసుంటది. గంత పెద్ద ఇంగ్లండుల రాసుకోరా?"

రాసుకుంటారు. అందరూ చూసేలా రాసుకుంటారు. ఎవరైనా పైసా ఇవ్వకుండా చదువుకోవచ్చు. మిరప ఘాటుకు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ అక్కడే ఫోన్‌లో వెతికాను. కంపెనీ పేరు: మా అవ్వ పేరు. డైరెక్టరు: మా బావ. కంపెనీ మీద అసలు పట్టున్న వ్యక్తి: మా అవ్వ. రిజిస్టరైన తేదీ చూస్తే, బావ ఫోన్ చేసిన ఆదివారానికి సరిగ్గా రెండో రోజు.

"ఏమైందక్కా, దొరికిండా దొంగ?" అన్నాడు దళారీ.

"దొరికింది" అన్నాను.

భూపాలపల్లికి ఫోన్ కలిపాను. "బావా, గిదేంది?"

"నన్ననకు మరదలా. అవ్వనే ఫోన్ జేసింది. ‘అది ఇంక నడుస్తనే ఉన్నది, నువ్వు పోయి కొనుక్కరా’ అన్నది."

"ఎంతకు కొన్నవ్?"

"వాళ్లు చెప్పినంతకు."

"పదో వంతు తగ్గిస్తమని ఉత్తరం రాలేదా?"

"నేను లేచిపోలేదు గదా, ఎందుకొస్తది?"

అవ్వకు గుర్తింపు కాగితం ఎక్కడిదని అడిగాను. ఎప్పుడో నేపాల్ యాత్రకని ఆమె పాస్‌పోర్టు తీయించుకుంది. ఆ యాత్రకు పాస్‌పోర్టే అక్కర్లేదని తీయించాక తెలిసింది. ఆ రోజు నేనే అందరికన్నా ఎక్కువ నవ్వాను.

సాయంత్రానికి జనగామ చేరాను. అవ్వ గల్లా ముందు కూర్చుని ఉంది. ఏమీ ఎరగనట్టు "మిరపకాయలు మంచిగున్నయా?" అని అడిగింది.

"నాతోని ఒక్క మాట చెప్పొద్దా అవ్వా?"

"నువ్వు చెప్పినవా? పట్టు ఎవలిదని అడిగితె నీ పేరు రాసుకున్నవ్."

"నీకెవలు చెప్పిండ్రు?"

"ప్రశ్న బావ ఫారంల గూడ ఉండె. జవాబు నీ మొకమే చెప్పింది. అడ్రసు రాసేటోళ్లు గంత సేపు నవ్వరు."

తల దించుకున్నాను. కానీ దించుకున్న తలలో కూడా లెక్క నడుస్తూనే ఉంటుంది. పేరు దక్కింది, బేరం నిలిచింది, ఇంగ్లండు ఆయన సరుకు పంపమన్నాడు. మరి నా సంగతేమిటి?

"కంపెనీల నేనెవల్ని అవ్వా?"

"నా మనుమరాలివి."

"గది ఇంట్ల. కంపెనీల?"

"నూరు వాటాలున్నయి. బావకు పది ఇస్తున్న. నువ్వు గూడ పది తీస్కో."

"పదేంది? యాభై ఇయ్యి."

"పది."

నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా. లేచాను. నడిచాను. మూడో అడుగులో పసుపు డబ్బాలు దాటాను. ఆరో అడుగుకు గుమ్మం. తొమ్మిదో అడుగులో చెవులు రెండూ వెనకే ఉన్నాయి. పదో అడుగు రోడ్డు మీద పడింది. ఎవరూ పిలవలేదు. వెనక్కి చూడకూడదన్నది నియమం, దాన్ని పెట్టినావిడ వెనకే కూర్చుని ఉంది. పదకొండు. పన్నెండు. అట్లాగే నడిచి బట్టల దుకాణం మూల తిరిగి, వెనక సందులోంచి చుట్టూ వచ్చి, మళ్లీ మా దుకాణం ముందే తేలాను. అవ్వ ఎవరికో పొట్లం కడుతోంది. తలెత్తి, కొత్త గిరాకీని చూసినట్టు చూసింది.

"ఏం గావాలె బిడ్డా?"

"పది వాటాలియ్యి అవ్వా."

అవ్వ పొట్లానికి దారం బిగించి పుటుక్కున తెంపింది.

"గప్పుడు పది. ఇప్పుడు తొమ్మిదే ఉన్నయి."

తీసుకున్నాను. ఇంగ్లండు రిజిస్టరులో నా పేరు పక్కన ఇప్పటికీ తొమ్మిదే ఉంది.