కాగితం కరువు, మా తలుపు

పెళ్ళయి వర్జీనియా వచ్చిన కొత్తల్లో, నెలల తరబడి మా అపార్ట్‌మెంట్ తలుపు ఎవరూ కొట్టలేదు. పోస్ట్‌మాన్ కూడా ఉత్తరాలు కింద పెట్టెలో వేసి పోయేవాడు. గుంటూరు దగ్గర మా ఊళ్ళో అయితే తెల్లవారితే పాలవాడు, కూరలమ్మి, తోడుపెట్టడానికి ఇంత మజ్జిగ పొయ్యమని పక్కింటి పిన్ని, చర్చి కానుకల కోసం సంఘం పెద్దలు. ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు, నేను విసుక్కుంటూనే ఉండేదాన్ని. ఇక్కడికి వచ్చాక ఆ విసుగు కోసమే మొహం వాచిపోయాను.

మా ఆయన ఒక ల్యాబ్‌లో పనిచేసేవారు. పొద్దున్నే కార్లో వెళ్తే చీకటి పడ్డాక రావడం. ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం. అప్పట్లో చుట్టుపక్కల తెలుగు ఆరాధన ఎక్కడుంది? ఇంగ్లీషు చర్చిలో అందరూ చెయ్యి కలిపి, ఎలా ఉన్నావని అడిగి, నేను చెప్పేలోగా కారెక్కేవారు. నాకు ఒళ్ళు మండేది. వినే ఓపిక లేనప్పుడు అడగడం దేనికి?

ఆయనకి ఒక జబ్బుండేది. ఆదివారం పేపర్లో కూపన్లు కత్తిరించి, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం అన్నదల్లా మోసుకురావడం. ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగే రకం. అలా మా హాల్లోని అలమర నిండా టాయిలెట్ పేపరు చుట్టలు, టిష్యూ డబ్బాలు పేరుకుపోయాయి. మాకా వాటితో పనే లేదు. బాత్రూమ్‌లో మగ్గు ఉంది, నీళ్ళున్నాయి. ముక్కు తుడుచుకోవడానికి పాత వాయిల్ చీర చింపి కుట్టుకున్న గుడ్డలున్నాయి. వంటింట్లోనూ అవే.

"ఎప్పుడో పనికొస్తాయిలే," అనేవారు ఆయన.

"మనం పోయాక పనికొస్తాయి," అనేదాన్ని నేను.

డెబ్బైల చివర్లో ఆ చలికాలం ఫ్లూ వచ్చింది. రష్యా ఫ్లూ అన్నారు, ప్రపంచమంతా తిరుగుతోందన్నారు. చిత్రంగా పెద్దవాళ్ళని వదిలేసి పిల్లల్ని, కుర్రవాళ్ళని పట్టుకుంది. దానికి తోడు పెద్ద మంచు. లారీలు ఆగిపోయాయి. జనం భయపడి దొరికింది దొరికినట్టు ఎత్తుకుపోవడంతో మా దగ్గరి షాపులో కాగితం సరుకంతా ఖాళీ అయింది. బ్రెడ్ ఉంది, గుడ్లున్నాయి, తుడుచుకునే కాగితం మాత్రం లేదు. ఆ మాట విని ముందు నవ్వుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా తలుపు చప్పుడయింది.

నమ్మలేక కాసేపు అలాగే నిలబడ్డాను. తీస్తే ఎదురింటావిడ. నలభై దాటిన మనిషి, మొగుడు లేడు, హైస్కూల్లో చదివే పిల్లలిద్దరు. మెట్ల మీద ఎదురైతే తలాడించుకోవడం తప్ప మా మధ్య మాటల్లేవు. ఆవేళ ఆవిడ జుట్టు కూడా దువ్వుకోలేదు.

"సారీ హనీ, పిల్లలిద్దరికీ ఫ్లూ. షాపులో ఏమీ లేదు. టాయిలెట్ పేపర్ గానీ, టిష్యూస్ గానీ ఉన్నాయా మీ దగ్గర?"

అలమర తెరిచాను. ఆవిడ నోరు వెళ్ళబెట్టింది.

"ఓ మై గాడ్! ఇలా అవుతుందని మీకు ముందే తెలుసా?"

మగ్గు సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. ఒక చుట్ట, ఒక డబ్బా చేతికిచ్చాను. పది ఇవ్వగలను, కానీ ఒక్కటే ఇచ్చాను. పది ఇస్తే మళ్ళీ ఎప్పుడొస్తుంది?

వచ్చింది. రోజూ వచ్చింది. రెండోసారి గడప బయటే నిలబడింది. ఆ తర్వాత లోపలికి వచ్చింది. పిల్లలకని మిరియాల చారు కాచి గిన్నెలో పోసిస్తే, మర్నాడు గిన్నె తెచ్చి, వాళ్ళు ఇంకా కావాలంటున్నారని చెప్పింది. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. పొద్దున్నే తలదువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, చెవులు తలుపుకి అప్పగించి కూర్చునేదాన్ని.

"ఏంటి, రేషన్ షాపు పెట్టావా?" అన్నారు మా ఆయన. "పాపం జ్వరాల ఇల్లు. ఒకేసారి ఇచ్చెయ్యొచ్చుగా?"

"మీకు తెలీదు, ఊరుకోండి."

ఒకరోజు ఆవిడ కుర్చీలో కూలబడి ఏడ్చింది. చిన్నవాడికి జ్వరం దిగడంలేదట. ఓదార్చేంత ఇంగ్లీషు నా దగ్గర లేదు. చెయ్యి పట్టుకుని, నాకు వచ్చిన భాషలోనే ప్రార్థన చేశాను. మా అమ్మ చేసినట్టే, బిడ్డ పేరు చెప్పి, గట్టిగా. ముగించగానే ఆవిడ కళ్ళు మూసుకునే "ఆమెన్" అంది. ఆ ఒక్క మాటా ఇద్దరికీ తెలిసిందే. ఈ దేశంలో నాకూ ఒక మనిషి దొరికిందనుకున్నాను.

పిల్లవాడు కోలుకున్నాడు. రోడ్లు తెరుచుకున్నాయి, షాపులు నిండాయి. ఆవిడ రెండు చేతులా పెద్ద సంచీ పట్టుకుని వచ్చింది. నేనిచ్చిన చుట్టలు, డబ్బాలు, అన్నీ అదే రకం, ఒక్కటీ తక్కువ లేకుండా తిరిగి తెచ్చింది.

"ఇవెందుకు! రండి, కాఫీ తాగుదాం."

"ఇంకోసారి, హనీ. నువ్వు ఏంజిల్‌వి!" అని కౌగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ ఇంకోసారి రాలేదు. వాళ్ళ తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, ఆవిడ పనికి వెళ్ళడం అన్నీ వినపడేవి. మెట్ల మీద కనబడితే చక్కగా నవ్వేది, పిల్లలు బాగున్నారని చెప్పేది. నేను ఇంట్లోకి వచ్చి ఆ సంచీ వంక చూసి కుమిలిపోయేదాన్ని. ఏమైనా తప్పు మాట్లాడానా అని వెతుక్కున్నాను.

ఆలోచించగా ఒకటి తట్టింది. మా ఊళ్ళో ఇళ్ళ మధ్య బదుళ్ళు ఎప్పుడూ పూర్తిగా తీరవు. పంచదార గ్లాసు తీసుకుంటే ఆ గ్లాసు ఖాళీగా వెనక్కి పోదు, ఇంత పచ్చడితోనో, పళ్ళెంలో నాలుగు అరిసెలతోనో పోతుంది. ఆ పళ్ళెం మళ్ళీ ఇటు రావాలి. ఆ రాకపోకల్లోనే చుట్టరికాలు కలిసేవి. ఈసారి నేనే అడగాలి అనుకున్నాను.

ఒక శనివారం సాయంత్రం పంచదార బదులడగడానికి బయల్దేరాను. మా ఇంట్లో పంచదార సంచీ నిండుగానే ఉంది. కావాలనే వట్టి చేతులతో వెళ్ళాను. ఆవిడ తన కప్పులో పోసిస్తుంది, ఆ కప్పు నిండా రవ్వకేసరి పెట్టి రేపు తీసుకెళ్తాను, రమ్మంటే కాసేపు కూర్చుంటాను. అంతా అనుకున్నాను.

ఆవిడ తలుపు తీసి సంతోషంగా పలకరించింది. "షుగరా? ఆఫ్ కోర్స్!" అంటూ పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళింది. టీవీలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నేను గడప బయట నిలబడ్డాను.

కాగితం కప్పు నిండా పంచదార తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తిరిగి ఇవ్వాలని అస్సలు అనుకోకు. కప్పు పారేసెయ్, అంతే."

థాంక్యూ అన్నాను. తలుపు మెల్లగా, మర్యాదగా మూసుకుంది. ఆవిడ మంచిది, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ వరండాలో నాకు వచ్చినంత ఏడుపు ఊరు వదిలినప్పుడు కూడా రాలేదు.

మా ఆయన వచ్చేసరికి రవ్వకేసరి చేసి పెట్టాను.

"ఏంటి విశేషం?" అన్నారు.

"ఏం లేదు. పంచదార ఎక్కువుంది," అన్నాను.