అన్న మీదికి వచ్చిన స్వామి

మా అన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. నన్ను చదివించింది ఆ బస్తాలే. తాగుడు కూడా అక్కడే అంటుకుంది. దాన్ని మాన్పించడానికి మా ఇంట్లో తెలిసిన వైద్యం ఒక్కటే, అయ్యప్ప మాల వేయించడం. బస్తీ దవాఖానలో గురువారం గురువారం తాగుడు మాన్పించే డాక్టరు కూర్చుంటాడని ఆశా వర్కర్ రెండుసార్లు చెప్పి పోయింది. ఆమె వెళ్లాక మా అమ్మ గడప కడిగినంత పని చేసింది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లే వంశం కాదట మాది.

కార్తీకంలో మాల వేయించాం. మొదటి రోజు అన్న నల్లబట్టల్లో బుద్ధిగా కూర్చున్నాడు. రెండో రోజు చేతులు వణికాయి. మూడో రోజు పొద్దున చెమటతో తడిసిపోయి, గోడవైపు చూస్తూ, లేని మనుషులతో మాట్లాడుతూ ఊగడం మొదలుపెట్టాడు. వదిన భయంతో బిగుసుకుపోయింది. గల్లీ మాత్రం పరవశించింది. స్వామి మీదికి వచ్చాడని ఎదురింటి కిరాణా సేటు తేల్చేశాడు. కొబ్బరికాయలు పట్టుకుని జనం వరుస కట్టారు. బిడ్డకు సంబంధం ఎప్పుడు కుదురుతుందని ఒకామె అడిగితే అన్న "ఎలుకలు, ఎలుకలు" అని కాళ్లు ముడుచుకున్నాడు. ఎలుక వినాయకుడి వాహనం కాబట్టి వచ్చే చవితి దాటాకే కుదురుతుందని ఆమె అర్థం తీసుకుని సంతోషంగా వెళ్లింది.

బడిలో సైన్సు చెప్పే నేనేం చేశాను? సాష్టాంగపడి, నా బదిలీ గురించి అడిగాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

మధ్యాహ్నం వదిన పోయి ఆశా వర్కర్‌ను తీసుకొచ్చింది. ఆమె అన్న చెయ్యి పట్టి చూసి, నావైపు తిరిగింది.

"స్వామి కాదు సారూ. రోజు తాగే మనిషి ఒక్కసారే బంద్ జేస్తే గిట్లనే అయితది. జల్ది పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి, పానం పోతది."

హారతి అయ్యాక తీసుకెళ్లమన్నాడు సేటు. వదిన ఆయన చేతిలోని పళ్లెం లాక్కుని కింద పెట్టి ఆటోను పిలిచింది. ఇంకొక పూట ఆగితే దక్కేవాడు కాదని పెద్ద దవాఖానలో చెప్పారు.

పది రోజులకు అన్న ఇంటికొచ్చాడు. ఇకమీదట ప్రతి గురువారం బస్తీ దవాఖానకు వెళ్లాలని, ఇంట్లోవాళ్లు ఒకరు తోడుండాలని, ఒంటరిగా వదిలేస్తే మళ్లీ తాగుడులో పడతాడని డాక్టరు గట్టిగా చెప్పాడు. స్వామికి మొక్కిన గల్లీ, పేషెంటు కనబడితే పక్క సందు పట్టింది. వదినకు పత్తి మిల్లులో సెలవు దొరకదు. నేనే బయలుదేరాను, ఏదో త్యాగం చేస్తున్నట్టు మొహం పెట్టుకుని.

మేం బెంచీ మీద కూర్చున్నామో లేదో, మా బడి హెడ్‌మాస్టర్ బీపీ గోలీల కోసం వచ్చాడు. ఎవరికి బాగాలేదని అడిగాడు. నాకే పన్ను నొప్పి అన్నాను. పక్కనున్నది ఎవరన్నాడు. మా గల్లీ ఆయన, ఇక్కడే కలిశాడని చెప్పాను.

హెడ్‌మాస్టర్ గోలీలు తీసుకుని వెళ్లిపోయాడు. లోపలి నుంచి అన్న పేరు పిలిచారు. నేను కూడా లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"నువ్ కూసో తమ్మీ. ఇంటోళ్లు ఎవలచ్చిండ్రని లోపల అడుగుతరు. ఎవ్వలు రాలేదని చెప్త."

ఒక్కడే లోపలికి వెళ్లాడు.