ఒకే మాట రెండుసార్లు పాడేవాళ్లు

బర్రె తన్నడం వల్ల నాకు బ్లూస్ అనే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం పరిచయమైంది. ఇంతకంటే గౌరవమైన దారి ఉంటే బాగుండేది కానీ, జరిగింది ఇదే. కుడికాలికి పిండికట్టు వేశారు. దబీర్‌పురా స్టేషన్ దగ్గరి మా పాల దుకాణంలో నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి, పాలు కొలిచే పని మా ఆవిడ తీసుకుంది. నాకు ఫోన్ మిగిలింది. పొద్దస్తమానం పాత సినిమా పాటలు వింటుంటే మా అక్క కూతురికి విసుగొచ్చింది.

"రోజూ గవ్వే పాటలేంది మామా? గిది విను. ఒక్క మనిషి, ఒక్క గిటార్, గంతే" అని ఏదో పెట్టి వెళ్లిపోయింది.

అది కరెంటు అక్కర్లేని గిటార్. రోజూ కరెంటు పోయే మా గల్లీకి అంతకంటే తగిన సంగీతం ఉండదు.

పాడేవాళ్ల పేర్లు నా నోట పలకలేదు. అందుకని నేనే గుర్తులు పెట్టుకున్నాను. కాలితో నేల తన్నే ఆయన. తీగల మీద సీసా ముక్క జార్చే ఆయన. ఎవరినో తిడుతూనే జోలపాడుతున్నట్టుండే పెద్దావిడ. కొత్తగా వినేవాళ్లకు నా సలహా ఒకటే. వేళ్లు చకచకా ఆడించేవాళ్లతో మొదలుపెట్టకండి. వాళ్ల పనితనానికి భయం వేస్తుంది తప్ప పాట లోపలికి దిగదు. మాట్లాడుతున్నట్టు పాడేవాళ్లతో మొదలుపెట్టండి. సీసా ముక్క ఆయన్ని రెండోవారానికి దాచుకోండి. ఆయన్ని నేను మొదటి రోజే పెట్టాను. ఆ మూలుగు విని దూడ కట్టు తెంచుకుందనుకుని మా ఆవిడ వెనక పాకలోకి పరుగెత్తింది.

పక్క దుకాణం దర్జీ చాచాది. షేర్వానీలు కుట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఎక్కడ ఉర్దూ కవుల ముషాయిరా జరిగినా ముందు వరుసలో కూర్చుని, చదివే కవుల కంటే ఎక్కువ అరిచి వచ్చేవాడు. ఎనిమిది నెలల కిందట ఆయన భార్య, మా చాచీ, పోయింది. అప్పటినుంచి మిషన్ ముందు కూర్చుంటాడు, కుట్టడు. మధ్యాహ్నం మా దగ్గరికొచ్చి చాయ్ తాగుతాడు, మాట్లాడడు. ఇలాగే ఉంటే నెలాఖరుకు దుకాణం ఎత్తేసి తండ్రిని తన ఇంట్లో కూర్చోబెడతానని కొడుకు చెప్పిపోయాడు. నాకు భయమేసింది. ముప్పై ఏళ్లుగా నా పక్కనున్న మనిషి. ఇంట్లో కూర్చుంటే ఇక లేవడని నాకు తెలుసు.

చాచీ మాట ఎత్తితే ఆయన కుంగిపోతాడని గల్లీలో అందరం అనుకున్నాం. ఎవరమూ ఎత్తలేదు. దాన్ని మేం మర్యాద అనుకున్నాం.

అందుకని ఆయన నోరు విప్పించే పని నా గిటార్ వాళ్లకు అప్పగించాను. కాలితో నేల తన్నే ఆయన్ని వినిపించాను. చాచా చాయ్ తాగి వెళ్లాడు. మర్నాడు పెద్దావిడను వినిపించాను. చాయ్‌లో చక్కెర తక్కువైందన్నట్టు ముఖం పెట్టి వెళ్లాడు. అదే పురోగతి అనుకున్నాను.

మూడోరోజు, మాట్లాడుతున్నట్టు పాడే ఒక ముసలాయన్ని పెట్టాను. ఆయన ఒక పాదం పాడాడు. మళ్లీ అదే పాదం పాడాడు. ఫోన్ ఇరుక్కుపోయిందేమోనని చెయ్యి చాపాను. చాచా నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఠైరో బేటా. ఫోన్ మంచిగనే ఉంది. ముషాయిరాల షాయర్ గిట్లనే చేస్తడు. మొదటి మాట రెండుసార్లు చదువుతడు. వినెటోళ్లు వాహ్ అనాలె. మనం అనలే. గందుకే మళ్ల చెప్తుండు."

ఎనిమిది నెలల్లో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అది. నేను కట్టుకాలు కూడా కదపలేదు.

"ఏమంటుండు?" అని అడిగాడు.

నా పదో తరగతి ఇంగ్లిష్ అంతా కూడదీసుకున్నాను. "పొద్దుగాల లేచి చూసిన, తలుపు కాడ ఆమె చెప్పులు లెవ్వు అంటుండు చాచా."

అన్నాక నాలుక కరుచుకున్నాను.

చాచా మాత్రం చెయ్యి పైకెత్తి, చిన్న గొంతుతో ఫోన్‌కు "వాహ్" అన్నాడు. "తర్వాత?"

"తర్వాతది నాకు సమజ్ కాలే."

ఫోన్‌లో ముసలాయన పాట ముందుకు వెళ్లిపోయింది, చాచా ఆ చెప్పుల దగ్గరే ఆగిపోయాడు.

"ఆమె బట్టలు, చెప్పులు అన్నీ గరీబోళ్లకు పంచిండ్రు. గట్లనే చెయ్యాలె, రివాజు. చెప్పులు మాత్రం నేను తీసి మిషన్ సొరుగుల దాచిన. కోడలు అడిగితే దొరకలే అన్న. ఈ వయసుల అబద్ధం చెప్పిన."

"ఏం రంగువి చాచా?" అన్నాను.

"పచ్చవి" అన్నాడు. ఇక ఆగలేదు. నల్లవే కొనుక్కోమంటే ఆమె వినకపోవడం, ఎడమ చెప్పు కరిస్తే ఆ కోపం మూడు రోజులు తన మీద తీర్చుకోవడం, వంటింట్లో ఆమె నడక చప్పుడును బట్టే ఆరోజు కూర ఎలా ఉంటుందో తను కనిపెట్టడం, అన్నీ చెప్పాడు. ఒకచోట నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అజాన్ వినిపించేదాకా చెబుతూనే ఉన్నాడు.

లేస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆఠ్ మహీనే, బేటా, ఎనిమిది నెలలు. ఆమె గురించి ఒక్కలు గూడ అడగలే."

రోజూ ఆయనకు ఎదురుగా కూర్చుని చాయ్ తాగినవాణ్ణి. తల దించుకున్నాను.

"ఒక్కలు గూడ అడగలే" అన్నాడు, ఈసారి నేను తల ఎత్తేదాకా ఆగి.