కాపడం పెట్టిన కాలు

2022 చలికాలం. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన మా స్కానింగ్ సెంటర్. నేను రేడియాలజిస్టును. కడుపు స్కాన్‌లే ఎక్కువ. కాళ్లకు చేసే డాప్లర్, అంటే నాళాల్లో రక్తం పారే తీరు చూపే స్కాన్, అప్పుడప్పుడే వస్తుంది. నాకు కోపం కొంచెం ఎక్కువ. సొంత వైద్యాలు చేసుకుని వచ్చేవాళ్ల మీద మరీ ఎక్కువ.

యాదయ్య తుర్కయాంజాల్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడిపేవాడు. ఏళ్ల తరబడి షుగరు. కుడికాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. ఆటో బ్రేకు తొక్కేది ఆ కాలితోనే. లోపలికి వస్తూనే అదే చెప్పాడు.

"కాలుంటెనే బండి, మేడం."

అతని భార్య అంజమ్మ అందుకుంది. "మొన్న షుగరు క్యాంపుల కాలికి బీపీ పట్టీ కట్టి సూసిన్రు. ముట్టుకోని సూసిన్రు. రక్తం మంచిగనే పోతున్నదన్నరు. మరి ఎందుకు మానుతలేదు?"

పాత షుగరు ఉన్నవాళ్ల నాళాల గోడల్లో కాల్షియం పేరుకుంటుంది. గట్టిపడిన నాళాన్ని పట్టీ నొక్కలేదు, అందుకే రక్తం సరిగ్గా అందకపోయినా అంకె బాగున్నట్టే వస్తుంది. ఆ అంకెను నేను నమ్మలేదు. కానీ పాదం ముట్టుకుంటే వెచ్చగా ఉంది. రక్తం అందని కాలు చల్లబడాలి కదా! రెండో పాదం పట్టుకుని చూశాను. ఏ బాధా లేని ఆ కాలే చల్లగా ఉంది.

"పొద్దున ఈ కాలికి ఏం చేసిన్రమ్మా?"

"ఉప్పు మూట కాపడం పెట్టిన మేడం. రోజూ పెడ్త. క్యాంపుకు పొయిన్నాడు గూడ పెట్టిన. దవాఖానకు పొయ్యేటప్పుడు మనిషికి తానం చేపియ్యమా, మంచి అంగి తొడగమా? కాలును గట్ల సల్లగ ఎట్ల తీస్కపోత?"

తిట్టబోయి ఆగిపోయాను. అంత ప్రేమను ఏమని తిట్టను?

ఆమె కాలికి కప్పి తెచ్చిన దుప్పటి తీసి, కాలును ఊరికే ఉంచమన్నాను. కాసేపటికి పాదం పాలిపోయి చల్లబడింది. అప్పుడు స్కాన్ చేసే ప్రోబును కాలి మీద పెట్టాను. తెర మీద పిక్కలో ఒక నాళం రంగులతో మెరుస్తోంది. చూడగానే అదే పెద్ద నాళం అనుకుంటాం. దాని వెంటే కిందికి పోతే తెలిసింది, అది పక్కన పుట్టుకొచ్చిన కొమ్మ. అసలు నాళాలు కాల్షియం నీడల వెనక మూసుకుపోయి ఉన్నాయి.

వెంటనే సిటీకి పంపాను. యాంజియోగ్రామ్‌లోనూ అదే తేలింది. అప్పటికే చీము పైకి పాకింది. మోకాలి కింద కాలు తీసేశారు. ఆటో అమ్మేశారు.

కొన్ని నెలలకు అంజమ్మ ఒక్కతే వచ్చింది. "నేను కాపడం పెట్టకపోతే కాలు దక్కుతుండెనా మేడం?"

"నరాలు మూసుకపోయింది నీ కాపడంతోని కాదమ్మా."

అది నిజమే. ఆ వెచ్చదనం క్యాంపులో డాక్టరు చేతిని మోసం చేసిందన్నదీ నిజమే. ఆ రెండో మాట నా నోటి నుంచి రాలేదు. నేను చెప్పకుండానే ఆమెకు అర్థమైనట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు ప్రోబు పట్టుకునే ముందే అడుగుతాను, పొద్దున్నుంచి కాలికి ఏం చేశారని. చెయ్యి గానీ, పట్టీ గానీ, తెర గానీ ఏ ఒక్కదాని మాటనూ పట్టుకుని రిపోర్టు రాయను.

మొన్నటి చలికాలం యాదయ్య చంకకర్రలతో వచ్చాడు, మిగిలిన కాలు చూపించుకోవడానికి. పక్కన అంజమ్మ.

"ఈ కాలికి ఏం పెట్టలే మేడం. సల్లగున్నది సల్లగనే తీస్కొచ్చిన. సూడుండ్రి."

స్కాన్ అయ్యేదాకా ఆమె రెండు చేతులూ ఒళ్లో ముడుచుకుని దూరంగా కూర్చుంది. అయ్యాక దుప్పటి అంచు పట్టుకుని నావైపు చూసింది.

"ఇగ కప్పొచ్చునా?"