రెండు షీట్ల నడుమ ఊరు

మా పెద్దమ్మ బస్సెక్కితే రెండో స్టాపుకే కళ్లు తిరిగి, కిటికీలోంచి తల బయట పెడుతుంది. అలాంటి మనిషికి రాష్ట్రమంతా కొట్టినపిండి. పటాల ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు ట్రేసరుగా పనిచేసింది. సర్వే వాళ్లు ఊరూరూ తిరిగి పెన్సిలుతో గీసుకొచ్చిన పటం మీద ట్రేసింగు కాగితం పరిచి, సన్నటి పాళీతో సిరా గీతలు గీయడం ట్రేసరు పని. తిరిగిన పేరు సర్వేయరుది, సంతకం ఆఫీసరుది, మెడనొప్పి ట్రేసరుది.

ఇంటికి కొత్తవాళ్లెవరొచ్చినా మంచినీళ్ల కంటే ముందు వాళ్ల ఊరు అడిగేది. వాళ్లు చెప్పీ చెప్పకముందే, "బొగ్గు గనుల వైపు కదూ? మీ ఊరికి పడమట ఎండిపోయిన వాగొకటి ఉండాలే" అనేది. వచ్చినవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు. ఉత్తరాన బొగ్గు, నడుమ నల్లరేగడిలో పత్తి, తూర్పున ఉప్పుమళ్లూ చేపల రేవులూ, దక్షిణాన వానల్లేక మగ్గాలు పట్టుకున్న ఊళ్లు. పత్తి ఏరే రోజుల్లో దక్షిణం నుంచి జనం పిల్లాజెల్లాతో ఏ దారిన పైకి వస్తారో, ఎక్కడ ఆగి వంట చేసుకుంటారో కూడా చెప్పేది. వీటిలో ఒక్కటీ ఆమె కంటితో చూసింది కాదు. నేను ఎగతాళి చేస్తే, "వాళ్లకి వాళ్ల ఊరొక్కటే తెలుసు, నాకన్నీ తెలుసు" అని మూతి తిప్పేది.

నేను అదే ఆఫీసులో టైపిస్టుని. అందుకే ఆ తర్వాత జరిగిందంతా నాకు తెలుసు.

ఆమె రిటైరవడానికి ఇంకా మూడు నెలలున్నాయనగా రాష్ట్రపు కొత్త గోడపటం అచ్చుకు సిద్ధమైంది. నేలలు, పంటలు, గనులు, రేవులు, ఎక్కడెంత జనం అన్నీ ఉన్న పటం. ప్రతి బడికీ ప్రతి ఆఫీసుకీ పోతుంది. కింది అంచున 'గీసినవారు' అని ట్రేసరు పేరు వేయడానికి మొదటిసారిగా పైవాళ్లు ఒప్పుకున్నారు. ఇక పెద్దమ్మ కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. పేరు ఎంతేసి అక్షరాల్లో వేస్తారో కనుక్కోమని నన్ను ఆఫీసరు గదికి నాలుగుసార్లు తరిమింది.

ఆ వారంలోనే ఆఫీసుకు ఒక నర్సు వచ్చింది. నలభై లోపు మనిషి, చెప్పులకు ఎండిన నల్లమట్టి. పత్తి నేలల చివర, వాగు అవతల ఆమె ఊరు.

"వంతెన కోసం నాలుగుసార్లు అర్జీ పెట్టామండీ. అవతల ఊరే లేదని ప్రతిసారీ వెనక్కి పంపుతున్నారు. మీ పటంలో లేదట. మూడొందల గడపుందండీ. మరి మేమంతా ఎక్కడున్నట్టు?" అని మామూలు గొంతుతోనే అడిగింది.

పెద్దమ్మ పాత షీట్లు తీయించింది. రాష్ట్రమంతటినీ ఒకే కాగితం మీద గీయరు. గళ్లుగా విడదీసి, గడికొక షీటు గీస్తారు. రెండు షీట్లు కలిసే గీత మీద ఊరు పడితే ఎడమ షీటులో చూపించాలని ఆఫీసు నియమం. ఈ ఊరు సరిగ్గా ఆ గీత మీదే ఉంది. కుడి షీటు పెద్దమ్మది, నియమం ప్రకారం అందులో లేకపోవడం న్యాయమే. ఎడమ షీటులోనూ లేదు. ఆ షీటుకు ఎదురుగా రిజిస్టరులో ఉన్న పేరు గురువుగారిది. పెద్దమ్మకు పాళీ పట్టడం నేర్పిన ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది.

ఊరిని ఊరికే చేర్చడానికి లేదు. ఎందుకు తప్పిపోయిందో కాగితం మీద ఉండాలి. లేకపోతే కొత్తగా పుట్టిన ఊరని రాసి, వంతెన వరసలో చిట్టచివర నిలబెడతారు.

ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు. "పోయినాయన పొరపాటని రాసేద్దామమ్మా. ఆయనకిప్పుడు వచ్చే నష్టమేముంది?" అన్నాడు. ఆయన చెడ్డవాడని అనను. ఫైలు మూతపడితే చాలనుకునే రకం.

పెద్దమ్మ నన్ను రికార్డు గదిలోకి లాక్కెళ్లి తలుపేసింది.

"ఆ షీటు గీసింది నేనేనే" అంది.

చివరి రెండేళ్లు గురువుగారికి చూపు ఆనేది కాదట. తెలిస్తే ఇంటికి పంపేస్తారు, పిల్లలింకా చేతికందలేదు. ఆయన షీట్లు కూడా పెద్దమ్మే ఇంటికి పట్టుకెళ్లి గీసుకొచ్చేది. ఎడమ షీటు గీసేటప్పుడు నియమం మరిచి, కుడి దాంట్లో వస్తుందిలే అనుకుంది. కొన్ని నెలలకు కుడి షీటు గీసేటప్పుడు, ఎడమ దాంట్లో వచ్చేసిందనుకుంది.

"నేను నోరు మూసుకుంటే ఆయన పనికి మచ్చ. నిజం చెబితే, కళ్లు కనబడకుండా రెండేళ్లు కుర్చీలో కూర్చున్నాడంటారు. ఏం చెయ్యమంటావే?"

నేను చెప్పిన మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "ఊరుకో పెద్దమ్మా. ఆఫీసరే అంటున్నాడుగా. పటం మీద నీ పేరు రావాలి" అన్నాను.

ఆమె స్టూలు మీద కూలబడి కాసేపు ఏడ్చింది. పేరు కోసమే ఏడ్చింది, నాకు తెలుసు. తర్వాత ముఖం తుడుచుకుని, "పద, టైపు కొడుదువుగాని" అంది.

రెండే వాక్యాలు చెప్పింది. ఆ షీటు గీసిందీ, ఊరిని వదిలేసిందీ తానేనని మొదటిది. గురువుగారు సెలవులో ఉండగా, ఆయనకు తెలియకుండా, తన పనితనం చూపించుకోవాలని ఆ షీటు తీసుకున్నానని రెండోది. సరిహద్దు గీత వెంట్రుకవాసి జరిగితే కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టే మనిషి, ఆ రెండో వాక్యం కింద తడుముకోకుండా సంతకం పెట్టింది.

ఆఫీసరు రెండుసార్లు చదివాడు. "ఇది ఫైల్లో పెట్టాక మీ పేరు వేయలేనమ్మా" అన్నాడు.

"తెలుసండీ" అంది.

కొత్త పటం మీద ఊరి చుక్క తనే పెట్టింది. దాని నకలు పట్టుకుని వరండాలో బెంచీ మీదున్న నర్సు దగ్గరకు వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను.

"మీ ఊరిని వదిలేసింది నేనేనమ్మా" అని చెప్పింది. నర్సు నకలు అందుకుని తన ఊరి చుక్క వెతుక్కుంది. పెద్దమ్మే మళ్లీ అడిగింది. "వాగు పొంగినప్పుడు కాన్పు మనుషుల్ని ఎలా దాటించేవాళ్లు?"

"పడవ మీదండీ."

"పడవ వెయ్యలేని రోజున?"

నర్సు నకలును జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. పెద్దమ్మ ముఖంలోకి ఒకసారి చూసింది.

"ఎవరికీ ఏమీ కాలేదమ్మా. అందరం బాగానే ఉన్నాం" అంది.

పెద్దమ్మ అప్పుడే ఒక అబద్ధం మీద సంతకం పెట్టి వచ్చింది. ఇంకొకటి వింటే ఆమెకు తెలియకుండా పోతుందా? తల ఊపి, నర్సు చెయ్యి పట్టుకుని, ఆమె బస్సు టైమయ్యేదాకా వదలకుండా అలాగే కూర్చుంది.