లేని షుగరు నయమైన వైనం

నాకు షుగరు లేదు. ఉందని మా ఊరంతా నమ్మిందంటే అది నా నిర్వాకమే. అబద్ధమాడటం ఒక తెలివితక్కువతనం. ఆడదలుచుకున్నవాణ్ణి ఎదుటి మనిషి ఎన్నడూ వినని జబ్బు పేరేదో చెప్పకుండా, షుగరుతో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్న మా మేనత్తకు షుగరని చెప్పడం అంతకు మించిన తెలివితక్కువతనం. నేను హైస్కూల్లో సైన్సు మాస్టార్ని. అయినా ఇంతే.

అసలు జబ్బు పేరు బైపోలార్. అది మొదటిసారి వచ్చినప్పుడు నాకు జబ్బులా అనిపించలేదు. నిద్ర తగ్గడం కాదు, నిద్ర అవసరమే లేకుండా పోయింది. మా బళ్ళో నక్షత్రశాల కట్టించాలని నమూనా గీసి, ఫోనులో పేరున్న ప్రతివాడికీ ఫోను చేశాను, గ్యాసు బండ తెచ్చే అతనితో సహా. అందరూ ఇంత నిదానంగా ఎందుకు మాట్లాడతారా అని విసుక్కున్నాను. కొన్నాళ్ళకు ఆ మనిషే, అంటే నేనే, స్నానానికి లేవడం కూడా చేతకాక మంచానికి అతుక్కుపోయాడు. మా ఆవిడ నన్ను ఒంగోలు తీసుకెళ్ళి మానసిక వైద్యుడికి చూపించింది. ఆయన రాసిన మందుల్లో ముఖ్యమైనది లిథియం. ఆవర్తన పట్టికలో మూడోదని పిల్లల చేత ఏటా బట్టీ పట్టించినవాణ్ణి, అది నా నోట్లోకి వస్తుందని అనుకోలేదు. మూలన పడి ఉన్నవాణ్ణి ఒక మూలకం లేపి కూర్చోబెట్టింది.

కాస్త తేరుకున్నాక డాక్టరు గారు విడమరచి చెప్పారు. "పైకి లేచినప్పుడు ఒక ధ్రువం, కిందికి జారినప్పుడు ఇంకో ధ్రువం. మధ్యలో మామూలుగానే ఉంటారండీ."

"పొదిలి ఎండల్లో పెరిగినవాణ్ణండీ. ఒక్క ధ్రువం చాలదా నాకు, రెండెందుకు?" అన్నాను.

ఆయన నవ్వి ఏదో రాసుకున్నారు. జోకు నచ్చి రాసుకున్నారనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, నేను మళ్ళీ ఎక్కువ మాట్లాడుతున్నానేమోనని రాసుకుని ఉంటారు.

"బాగున్నా సరే మాత్ర మానకూడదు. నీళ్ళు బాగా తాగండి. ఉప్పు ఉన్నపళంగా తగ్గించొద్దు. రక్తపరీక్ష చేయిస్తూ ఉండండి. ఇంకో మాట. మీరు పైకి వెళ్ళేటప్పుడు ఆ సంగతి మీకు తెలియదు, పక్కవాళ్ళకి తెలుస్తుంది. మీ ఆవిడ గారు కాక ఇంకొకరికైనా విషయం చెప్పి ఉంచండి."

ఆ చివరి మాట తప్ప అన్నీ పాటించాను.

మా మేనత్త మిరప కోతలకు ఆడకూలీల ముఠా కట్టే మేస్త్రీ. ఈ చివరి సాల్లో నిలబడి అరిస్తే ఆ చివరి సాల్లో కాయ కోసే మనిషి చెయ్యి వేగం అందుకుంటుంది. మా వీధిలోనే ఇల్లు. ఓ పొద్దున ఆమె వచ్చేసరికి నా అరచేతిలో మాత్ర ఉంది.

"ఏం మాత్రరా అది?"

"షుగరుకి అత్తా."

"షుగరా! ఒరేయ్, ముందే చెప్పొద్దా? నేను లేనూ!"

ఆ 'నేను లేనూ' అన్నదాని అర్థం మర్నాటి నుంచి తెలిసింది. పొద్దున్నే కాకరకాయ రసం. ఏ ఇంటికి వెళ్ళినా చప్పిడి టీ. పెళ్ళి భోజనాల్లో నా ఆకు ముందుకు లడ్డూ పళ్ళెం వస్తే, రెండు వరసల అవతల నుంచి "ఆ అబ్బాయికి వెయ్యొద్దు!" అని కేక. నాకు తీపి అంటే ప్రాణం. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే షుగరుకి దొరికే మర్యాద చాలా గొప్పది. టీచర్ల గదిలో దాని గురించి కులాసాగా మాట్లాడుకోవచ్చు. దాంతో ఉన్నవాడు క్లాసులో గట్టిగా నవ్వితే పిల్లల తల్లిదండ్రులు హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తరు.

మా చర్చిలో ఆదివారం ఆరాధనలో జబ్బుగా ఉన్నవాళ్ళ పేర్లు చెప్పి ప్రార్థన చేస్తారు. ఏ జబ్బో కూడా చెబుతారు, ప్రార్థన సూటిగా వెళ్ళాలని కాబోలు. అత్త నా పేరు ఇచ్చింది. సంఘమంతా కళ్ళు మూసుకుని నా షుగరు కోసం దేవుణ్ణి వేడుకుంది. నా పక్కన మా ఆవిడ ఒక్కతే కళ్ళు తెరిచి నా వంక చూసింది.

కొన్ని ఆదివారాలు గడిచాక అత్త తన షుగరు చూసుకునే మిషను పట్టుకొచ్చి నా వేలు గుచ్చింది. అందులో పడ్డ అంకె చూసి తుడిచి, ఇంకో వేలు గుచ్చింది. మామూలు మనిషికి ఎంత ఉండాలో అంతే ఉంది. ఉండక ఏమవుతుంది?

"స్తోత్రం!" అని ఆమె వేసిన కేకకి వీధిలో కోళ్ళు చెదిరాయి. "తగ్గిపోయిందిరా! దేవుడు ముట్టాడు నిన్ను. ఇంకా ఆ మాత్రలెందుకు? నమ్మకం లేదా?"

ఇక్కడ నా బుర్ర చేసిన పని చూడండి. లేని జబ్బు నయమైందని, ఉన్న జబ్బుకి మందు మానేశాను.

"షుగరు తగ్గితే ఈ మాత్రలు మానడమేంటండీ?" అంది మా ఆవిడ.

"నేను బాగానే ఉన్నానుగా," అన్నాను. బాగున్నది ఆ మాత్ర వల్లేనన్న చిన్న సంగతి సైన్సు మాస్టారికి తట్టలేదు. నిజం చెప్పొద్దూ, అంతమంది నా కోసం సంతోషిస్తుంటే, నిజంగానే ఏదో నయమైపోయిందని నాకూ నమ్మాలనిపించింది.

ఇలా నయమైనవాళ్ళు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మా ఆచారం. నా వంతు వచ్చేసరికి నేను అప్పటికే పైకి బయల్దేరి ఉన్నాను. మైకు చేతికిచ్చాక తిరిగి ఇవ్వలేదు. షుగరు దగ్గర మొదలుపెట్టి చెరకు, చెరకు నుంచి సూర్యుడు, సూర్యుడి నుంచి సృష్టి. చర్చి వెనక అందరికీ వండిన అన్నం చల్లారిపోయింది. ఇంత చక్కగా నేనెప్పుడూ మాట్లాడలేదని అందరూ మెచ్చుకున్నారు. మా ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ ఏడు మిరప ధర లేచింది. నేనూ లేచాను. ధరని అందరూ గమనించారు. ఎన్నడూ పొలం గట్టెక్కనివాణ్ణి, బడికి సెలవు పెట్టి మిరపకి భూమి కౌలుకు పట్టాను. మామూలు ఏడాదిలో అయితే వీడికేదో అయిందని ఎవరో ఒకరు అనేవారే. ఆ ఏడాది మాత్రం దర్జీ కౌలుకు పట్టాడు, కరెంటాయన కౌలుకు పట్టాడు, ఎవరికీ నిద్రల్లేవు, ఎవరిని కదిలించినా లెక్కలూ గాలిమేడలే. ఊరంతా నాలాగే ఉంది. అందరూ ఒకేలా ఊగుతున్న చోట అసలు జబ్బున్నవాణ్ణి పట్టుకోవడం డాక్టరుకైనా కష్టమే. మా ఆవిడ పట్టుకుంది, కానీ ఆవిడ మాట పక్కన ఇంకొక మాట కలవలేదు. "మగాడు నాలుగు రాళ్ళు వెనకేద్దామంటే అడ్డమేందే?" అని కోప్పడినవాళ్ళలో మా అత్త కూడా ఉంది.

కాయ ఎర్రబడే వేళకి నేను కిందికి దిగిపోయాను. తోట పిలుస్తోంది, నేను పలకను. దుప్పటి తీసి ముఖం చూపించడం కూడా బరువే. అత్త ముఠాతో వచ్చి గుమ్మంలోంచే అరిచింది. "ఏందిరా ఇది? కాయ చెట్టునే ఎండిపోతంటే పడుకున్నావా? షుగరు మళ్ళీ తిరగబెట్టిందా?"

అప్పుడు మా ఆవిడ ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి మొత్తం చెప్పింది. నాకు వినబడుతూనే ఉంది. వినబడినా నాది కాని సంగతిలా ఉంది.  

ఆ రోజు నుంచి అత్త ముఠాను పెట్టి నా తోట కోయించింది. కళ్ళంలో కాయ ఆరబోయించింది, తాలు కాయ ఏరించింది. సాయంత్రాలు వచ్చి, నా కాళ్ళ దగ్గర కూర్చుని వెళ్ళేది. కాకరకాయ ఊసు లేదు. నేను మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, బడికి వెళ్ళగలిగేదాకా అలాగే వచ్చింది. ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవలేదు.

"బయట మాత్రం షుగరనే చెబుదాం. షుగరైతే పదిమందికీ ఉంటది. ఇదైతే పిచ్చోడంటారురా నిన్ను. బళ్ళో ఉండనిస్తారా?"

"షుగరని చెప్పబట్టే గదత్తా ఇంతా అయింది?"

"అయితే బీపీ అందాం."

షుగరు తగ్గిందని లిథియం మానేశానని చెప్పినప్పుడు డాక్టరు గారు ఏమీ రాసుకోలేదు. కలం పక్కన పెట్టారు. "ఈసారి వచ్చేటప్పుడు మీ ఆవిడ గారితో పాటు ఇంకొకర్ని తీసుకురండి. మీలో తేడా వస్తే మొహం మీద చెప్పగలిగేవాళ్ళు కావాలి," అన్నారు. మొహం మీద చెప్పడంలో మా అత్తని మించినవాళ్ళు ఒంగోలు నుంచి పొదిలి దాకా లేరు. రానంది. వస్తే తప్ప మాత్ర వేసుకోనన్నాను. అది బెదిరింపని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా బస్సెక్కింది.

మానసిక వైద్యుడి గది ముందు బెంచీ మీద, గోడవైపు తిరిగి, కొంగు ముక్కుదాకా లాక్కుని కూర్చుంది. మా ఆవిడ చీటీ రాయించడానికి వెళ్ళింది. అదే ఆసుపత్రిలో ఎముకల డాక్టరు దగ్గరికొచ్చిన ఒక మిరప రైతు, ఏటా మా అత్త ముఠాతోనే కోత కోయించే ఆసామి, కుంటుకుంటూ అటుగా వస్తూ ఆగాడు. కొంగు చాటునున్నా మేస్త్రీని పోల్చుకున్నాడు. తలుపు పైనున్న బోర్డు చదివాడు. పొరుగూరివాడు కాబట్టి నన్నెప్పుడూ చూడలేదు.

"ఏంది మేస్త్రీ, ఇక్కడ కూర్చున్నావ్? ఎవరికి బాలేదు?"

అత్త నోరు తెరిచింది. ఆ నోట్లోంచి షుగరో బీపీయో రాబోతోందని నాకు స్పష్టంగా తెలుస్తోంది.

"మా అత్తకేనండీ," అన్నాను. "నేను తోడొచ్చాను."

అత్త కొంగు జారిపోయింది. కాదంటే ఎవరికో చెప్పాలి. ఎవరికో ఆమె చచ్చినా చెప్పదు. నన్ను కాపాడటానికి ఇన్నాళ్ళూ మోసిన గుట్టు కాస్తా ఆమె నోటికే తాళం వేసింది.

"అదేందమ్మా," ఆసామి జాలిగా ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "చూడబోతే బానే ఉన్నావు గదా! ఎప్పట్నించి?"

నేను ఏళ్ళుగా జవాబు వెతుక్కుంటున్న ప్రశ్న అది. ఆమె ఏం చెబుతుందోనని, కాళ్ళు బారజాపుకుని తీరిగ్గా వినడానికి కూర్చున్నాను.